కాలికి నేర్పిన రెండు దెబ్బలు

బారాత్‌లో చిన్న డ్రమ్ము నాది, పెద్ద డోలు మా అన్నది. మంఖాల్, రావిర్యాల, అటు షాద్‌నగర్ దాకా ఎవరింట్లో పెళ్లయినా మా బ్యాండే. అన్న రెండు దెబ్బలు వేసే జాగాలో నేను మూడు దెబ్బలు సమంగా సర్దేవాణ్ణి. ఏ లెక్కన అడుగు వేయాలో తెలియక పెళ్లికొడుకు బామ్మర్దుల కాళ్లు తడబడేవి, దాంతో ఇంకా రెచ్చిపోయి ఎగిరేవాళ్లు. నేను ఎటు పోయినా అన్న దెబ్బ కదిలేది కాదు. ఆ ధైర్యంతోనే అన్ని వేషాలు వేసేవాణ్ణి.

శంషాబాద్‌లో ఎయిర్‌పోర్టు తెరిచాక అన్న క్యాబ్ తోలడం మొదలుపెట్టాడు. పెళ్లిళ్ల సీజన్‌ను నమ్ముకుంటే ఏడాదంతా గడవదు, తప్పని నేనూ అనలేదు. కానీ డోలుకు వచ్చిన కొత్తాయనతో నాకు పడలేదు. నేను మూడు మొదలెడితే పాపం ఆయనా నా వెంటే మూడులోకి వచ్చేసేవాడు. ఒళ్లు మండేది. ఇంకొకరి మీద ఆధారపడే కన్నా ఆ రెండు దెబ్బలూ నా కాలికే నేర్పుకుందామని, హైవే పక్కన టైర్ల దుకాణం మీది గదిలో డ్రమ్ సెట్ నేర్పే మాస్టారి దగ్గర చేరాను. అందులో పెద్ద డ్రమ్మును కుడికాలితో పెడల్ తొక్కి మోగిస్తారు.

చేతులు బాగానే ఆడాయి. కాళ్లే పరువు తీశాయి. ఏళ్ల తరబడి నడుస్తూ వాయించినవాణ్ణి కదా, పుల్లలు పట్టుకోగానే రెండు కాళ్లూ ఒకదాని తర్వాత ఒకటి లేచి బారాత్‌కు బయల్దేరేవి.

"ఎక్కడికయ్యా ప్రయాణం? పెళ్లికూతురి ఇల్లు ఇంకా దూరమా?" అనేవారు మాస్టారు. ఆయనది కృష్ణా జిల్లా, వెటకారం కూడా మర్యాదగానే చేసేవారు.

చివరికి ఎడమకాలిని స్టూలుకు తువ్వాలుతో కట్టేసుకున్నాను. ముందు ఒట్టి కుడికాలు, రెండు దెబ్బలు, అంతే. అది నిలబడ్డాక పైన చేతులతో మూడు. పెడల్ తొక్కినప్పుడల్లా వెనక అన్న ఉన్నట్టే ఉండేది. తిరిగి చూస్తే గోడ. ఒకే ఇంట్లో ఉన్నా మేం కలిసి అన్నం తినడమే అరుదైపోయింది, నేను లేచేసరికి ఆయన డ్యూటీ దిగి పడుకునేవాడు. ఉన్న మనిషి మీద అంత బెంగ పెట్టుకుంటారని నాకు తెలియదు.

నెలలు పట్టింది. ఒక మధ్యాహ్నం తువ్వాలు విప్పినా ఎడమకాలు కదల్లేదు. కుడికాలు రెండు, చేతులు మూడు, దేని దారి దానిది. వెంటనే అన్నకు ఫోన్ చేసి రమ్మన్నాను. ట్రిప్పుకూ ట్రిప్పుకూ మధ్య, డ్రైవరు చొక్కాతోనే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. కాసేపటికి ఆయన కుడిచెయ్యి పొట్ట దగ్గర, డోలు ఉండే చోట ఆడటం చూశాను. చూసి ఇంకా బాగా వాయించాను.

"ఎట్లుందన్నా?"

"మస్తుందిరా. నేను కొట్టినట్టే ఉంది. ఇగ నాతోటి పనేముంది నీకు?"

నవ్వుతూనే అన్నాడు. ఇంతలో ఫోన్ మోగింది, మెట్లు దిగి కారెక్కాడు.

పుల్లలు పట్టుకుని అలాగే కూర్చుండిపోయాను. ఇన్ని నెలలూ నాకు కావలసింది అన్న వచ్చి పక్కన కూర్చోవడం. "ఇది కుదుర్తలేదన్నా, జర చూపియ్యి" అని ఉంటే చాలు, ఆ ఫోన్ కట్ చేసి మరీ కూర్చునేవాడు. నేనేమో ఒక్క తప్పు కూడా లేకుండా వాయించాను.