ముందే చెప్పిన సాక్ష్యం

ఉద్యోగాల వెబ్‌సైట్లలో ‘బ్రాంచి’ అని ఒక గడి ఉంటుంది. దాన్ని నొక్కితే కంప్యూటర్స్, ఎలక్ట్రానిక్స్, మెకానికల్, సివిల్ అని వరసగా జారతాయి. అన్నిటికంటే అడుగున, చెప్పులు విడిచే చోట నిలబెట్టినట్టు, ‘ఇతరములు’ ఉంటుంది. ప్రేమ్ సాగర్ ప్రతిసారీ అక్కడిదాకా దిగి దాన్నే నొక్కేవాడు. నంద్యాల డిగ్రీ కాలేజీలో అతను చదివింది చెట్లూ, జంతువులూ, రసాయనాలూ. కప్ప గుండెకు ఎన్ని గదులో నిద్రలో లేపి అడిగినా చెప్పగలడు. అయితే ఆ సంగతి అడిగే కంపెనీ ఏదీ లేదు.

ఊరు ఆళ్లగడ్డ. తండ్రి ప్రభుదాసు ఇళ్లు కట్టే బేల్దారి పని చేస్తాడు, తల్లి లూదియా అంగన్‌వాడీలో ఆయా. ఇంట్లో కంప్యూటర్ లేదు. అది ఉన్నది చర్చిలో. కరోనా రోజుల్లో ఆరాధనను యూట్యూబులో లైవ్ ఇవ్వాలని పాస్టరు డేనియల్ అయ్యగారు ఒక లాప్‌టాప్, కెమెరా కొనిపించి, నెట్టు పెట్టించారు. నడిపేవాళ్లు లేక ప్రేమ్ సాగర్‌ను కూర్చోబెట్టారు. ఆదివారం లైవ్. మిగతా రోజులన్నీ అదే లాప్‌టాప్ మీద, ఇంగ్లీషు వీడియోలు ఆపి ఆపి చూసుకుంటూ, అతను ప్రోగ్రాములు రాయడం నేర్చుకున్నాడు. మొదటగా రాసిన పనికొచ్చే ప్రోగ్రాము చర్చి పాటలది. పాటల పుస్తకంలోని నంబరు కొడితే చాలు, సాహిత్యం హాల్లోని తెర మీదికి వస్తుంది.

"పొద్దంకా ఆ పెట్టెకాడ ఏం చేస్తాండావురా?" అనేవాడు ప్రభుదాసు.

"నేర్చుకుంటాండా నాయనా."

"ఏందీ?"

"పని."

"పని నేర్చుకునేటోని చేతులు అట్ల ఉండవులే."

క్లాస్‌మేటు వెంకట్ హైదరాబాదు పోయి, చేయని ఉద్యోగానికి అనుభవం ఉన్నట్టు కాగితాలు పుట్టించుకుని, ఒక కంపెనీలో చేరిపోయాడు. "నీతిగా ఉంటే ఈడికి రాలేవప్పా, ఆడనే ఉంటావ్," అన్నాడు ఫోన్లో. ప్రేమ్ సాగర్ ఫోను పెట్టేసి గోడను ఒక తన్ను తన్నాడు. గోడకేం కాలేదు.

చివరికి బెంగుళూరులోని ఒక చిన్న కంపెనీ పలికింది. చర్చి హాల్లోనే, నెట్టు బాగుంటుందని, మొదటి ఇంటర్వ్యూ ఇచ్చాడు. అడిగినావిడ పేరు నాగవేణి, తెలుగామె. అరగంట అడిగి, మంగళవారం మళ్లీ మాట్లాడదామంది.

"ఒక రౌండ్ అయింది మా. ఇంకోటుంది," అని ఇంట్లో చెప్పాడు. అంతే చెప్పాడు.

ఆ చర్చిలో ప్రసంగానికి ముందు సాక్ష్యాలుంటాయి. జ్వరం తగ్గినవాళ్లు, బిడ్డ పుట్టినవాళ్లు లేచి దేవుడికి కృతజ్ఞత చెప్పుకుంటారు. కొందరు ఇంకో అడుగు ముందుకేసి, అడిగింది చేతికి రాకముందే వచ్చేసిందని చెబుతారు. దాన్ని విశ్వాసం అంటారు. ఆ ఆదివారం లూదియా లేచి, కొంగు తలమీదికి లాక్కుని మైకు తీసుకుంది.

"దేవునికి స్తోత్రం. నా పిల్లోనికి ప్రభువు బెంగుళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం ఇచ్చినాడు. కంప్యూటర్ చదువు చదవకపోయినా ఇచ్చినాడు..."

హాలంతా హల్లెలూయ అంది. వెనక బల్ల దగ్గర లాప్‌టాప్ ముందున్న ప్రేమ్ సాగర్ సగం లేచి, మళ్లీ కూర్చున్నాడు. మైకు గొంతు నొక్కే బటన్ అతని వేలి కిందే ఉంది. నొక్కితే లైవ్‌లో ఇంకొక్క మాట కూడా పోదు. తల్లి ఏడుస్తూ, నవ్వుతూ మాట్లాడుతోంది. లాప్‌టాప్ తెర పక్కన, ఊళ్ల నుంచి లైవ్ చూస్తున్న చాగలమర్రి పిన్నమ్మ, పాణ్యం మామ ఆమెన్, ఆమెన్ అని రాస్తున్నారు. వేలు అక్కడే ఉండిపోయింది. ఆమె కూర్చున్నాక పాట నంబరు కొట్టబోయి, చూపు తల్లి మీదే ఉండి ఒకే అంకె రెండుసార్లు కొట్టాడు. అలాంటి నంబరు పాట లేదు. తెర ఖాళీ అయింది. జనం నోటికొచ్చినంత పాడుకున్నారు.

చర్చి గుమ్మం దాటకముందే, అదే సంఘానికొచ్చే కమలాక్షమ్మ పట్టుకుంది. "ఏమప్పా, బెంగుళూరోడా! నువ్వు కుదురుకున్నాక మావోన్ని గూడా పిలుచుకోపో. వానిది గూడా నీలెక్క పనికిరాని డిగ్రీనే."

ఇంటికొచ్చి తల్లి మీద విరుచుకుపడ్డాడు. "రాకముందే వచ్చిందని ఎట్ల చెప్తావు మా?"

"వచ్చినాక చెప్తే అందులో విశ్వాసం యాడుందిరా?"

"రాకుంటే?"

"వస్తాది."

"రాకుంటే రోడ్డు మీద తలొంచుకొని తిరగాల్సింది నేను! నువ్వు కాదు."

"నేను గూడా ఈడనే తిరుగుతా గదరా," అంది లూదియా, బియ్యంలో రాళ్లు ఏరుకుంటూ.

సోమవారం ఇంట్లో కూర్చోలేకపోయాడు. పనేమీ లేకుండానే నంద్యాల బస్సెక్కాడు. శిరివెళ్ల దగ్గర ఎక్కిన తెలిసినాయన, "ఉద్యోగమంట గదా, ఎప్పుడు పోతాండావ్?" అన్నాడు. నంద్యాలలో దిగి, కాలేజీ గేటు దాకా నడిచి, లోపలికి పోబుద్ధి కాక మళ్లీ బస్టాండుకొచ్చాడు. ఊరు తనను ఇప్పటికే పంపించేసింది. పోవడానికి చోటు మాత్రం ఇంకా దొరకలేదు.

మంగళవారం నాగవేణి నమస్కారం కూడా పూర్తి కానివ్వలేదు.

"మీ దరఖాస్తులో చర్చి చానెల్ లింకు పెట్టారు కదా, మీ పాటల ప్రోగ్రాము చూడమని. తెరిచాను. పైనున్న వీడియో మొన్న ఆదివారంది. మీకు బెంగుళూరులో ఉద్యోగం వచ్చేసిందని ఒకావిడ చెబుతున్నారు. వేరే ఆఫర్ ఉంటే ముందే చెప్పాలి కదా?"

ఆ లింకు తనే పెట్టాడు. అది తెరిస్తే కొత్త వీడియోనే పైన కనిపిస్తుందన్న సంగతి అతనికి తట్టలేదు. అదే వెంకట్ అయితే అవును, ఇంకో ఆఫర్ ఉంది అని బేరం మొదలుపెట్టేవాడు. ఆ మాట ప్రేమ్ సాగర్ నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

"ఆమె మా అమ్మ మేడం," అన్నాడు. "ఆ ఉద్యోగం మీదే."

"మేమింకా ఇవ్వలేదే!"

"ఇవ్వలేదు మేడం. మా చర్చిలో కొందరు రాకముందే చెప్తారు."

అవతల దగ్గు లాంటిదేదో వినపడింది. నవ్వేమో.

"సరే. ఆమె కూర్చోగానే మీ తెర ఖాళీ అయింది. ఎందుకని?"

"నంబరు తప్పు కొట్టినా మేడం, అమ్మ వంక చూస్తూ. తప్పు నంబరు పడితే ఏం చేయాలో ప్రోగ్రాములో నేను రాయలేదు. ఎవరూ తప్పు కొట్టరనుకున్నా. కొట్టేది నేనే గదా అని."

"ఇప్పుడు రాసి చూపించండి. నేను చూస్తూ ఉంటా."

రాశాడు. రెండుచోట్ల తడబడి, దిద్దుకున్నాడు. ఆమె బాగుందని అనలేదు, బాగాలేదనీ అనలేదు.

వారం చివర మెయిలొచ్చింది. సాఫ్ట్‌వేర్లలో తప్పులు పట్టే విభాగంలో ట్రైనీగా రమ్మన్నారు. ఆరు నెలలు చూసి, నచ్చితే ఉంచుకుంటారట.

"ఇది ఉద్యోగం కాదు మా. చూసి, వద్దంటే పంపించేస్తారు."

"పెండ్లి చూపులు గూడా అంతే గదరా," అంది లూదియా. "నేను చెప్పిందానికి, దీనికి తేడా ఏముంది?"

"ఉంది. నువ్వు చెప్పినోడు నేను ఇంకా కాలేదు."

లైవ్ ఎవరు చూసుకోవాలన్న మాట వచ్చింది. వేరెవరూ ముందుకు రాకపోయేసరికి లూదియానే కూర్చుంటానంది. ప్రయాణం రోజు, సంచి భుజాన ఉండగానే, అతను తల్లిని చర్చి వెనక బల్ల దగ్గర కూర్చోబెట్టాడు. పాట నంబరు ఎలా కొట్టాలో చూపించాడు. తప్పు నంబరు కొట్టించి చూశాడు. తెర ఖాళీ కాలేదు, మళ్లీ కొట్టమని అడిగింది.

"ఈ బటన్ ఏందీ?"

"మైకుది. నొక్కితే లైవ్‌లో ఎవరికీ వినపడదు."

లూదియా దాని మీద వేలు పెట్టి, తీసి, కొడుకు వంక చూసింది.

"ఆ పొద్దు ఇది నీ చేతికిందే ఉండె గదా. మరి నేను చెప్తాంటే ఎందుకు నొక్కలేదురా?"

ప్రేమ్ సాగర్ సంచి పట్టీ సవరించుకున్నాడు. ఒకసారి సవరించిందాన్నే మళ్లీ సవరించాడు.

"బస్సు పోతాది మా," అన్నాడు.