గ్యాలీ ఓవెన్‌లో జరీ పోగు

రెండువేల ఇరవై మూడు, యంత్రాలకు చేసే విశ్వకర్మ పూజ అయిన మరుసటి వారం. జంషెడ్‌పూర్‌లో ఒక చిన్న చార్టర్ విమానాల కంపెనీ హ్యాంగర్‌లో ఎలక్ట్రికల్ పనులు చూసేవాణ్ణి. మా తాతగారి హయాంలో గుర్రపుశాల ఉన్న ఇల్లు మాది. ఇప్పుడు నాకున్నవి గోవింద్‌పూర్‌లో రెండు గదులు, ఒక మల్టీమీటరు. రెండింటి మీదా దుమ్ము నిలవనివ్వను. హ్యాంగర్‌లో నన్ను వేళాకోళానికి ‘రాజావారు’ అంటారు. నేను ఆ పేరుకే పలుకుతాను.

ఆ ఉదయం విమానం గ్యాలీలోని, అంటే వంటగది మూలలోని, మైక్రోవేవ్ ఓవెన్ నా బల్ల మీదికి వచ్చింది. విమానం గాలిలో ఉండగా ఓవెన్ లోపల నిప్పురవ్వలు లేచి ఆగిపోయిందట. అప్పుడు భోజనం వేడి చేస్తున్నది మా ఊళ్ళోనే కాసిడీహ్ పేట అమ్మాయి గ్రేస్. క్యాబిన్ సిబ్బందిలో కొత్తగా చేరింది.

“ఏటి రాజావారూ, ఇంకా చూత్తన్నారా? ఫాయిల్ గిన్నె పెట్టీసింది. సాయంత్రానికి ఉజ్జోగం నుంచి తీసేత్తాను,” అన్నాడు మేనేజర్ సత్యం బాబు.

గ్రేస్ కళ్ళు ఎర్రబడ్డాయి. “మైనే ఫాయిల్ నహీ రఖా, అంకుల్. పింగాణీ ప్లేటే పెట్టాను.”

“సాయంత్రం ఇంకా కాలేదు కదా, సత్యం బాబూ,” అన్నాను.

ముందు కెపాసిటర్‌లో మిగిలిన ఛార్జి తీసేశాను. ప్లగ్గు పీకేసినా అది మనిషిని చంపగలదు. తలుపు తెరవగానే ఓవెన్‌ని ఆపే ఇంటర్‌లాక్ స్విచ్‌లు బాగున్నాయి. ట్రాన్స్‌ఫార్మరు, డయోడు బాగున్నాయి. తరంగాలు పుట్టించే మ్యాగ్నెట్రానూ బాగుంది. ఒక్కొక్కటి బాగుందని తేలేకొద్దీ గ్రేస్ ముఖం వాడిపోతోంది.

మిగిలింది వేవ్‌గైడ్ కవర్. తరంగాలు లోపలికొచ్చే కంతకు అడ్డంగా ఉండే పల్చటి మైకా పలక అది. ముందువైపు మచ్చ లేదు. మరలు విప్పి తిప్పాను. వెనకవైపు నల్లగా కాలి ఉంది! గిన్నె నుంచి రవ్వ లేస్తే ముందువైపు కాలాలి. వెనక సందులోకి గిన్నె కాదు గదా, చిటికెన వేలు కూడా దూరదు. టార్చి వేశాను. అంచున ఇరుక్కుని, సగం కాలి, వెంట్రుకంత పోగు తళుక్కుమంది. ట్వీజర్స్‌తో లాగాను.

జరీ! అదీ లోహమే, ఫాయిల్ లాగే రవ్వలు లేపుతుంది.

“గ్రేస్, ఇటు రా! నువ్వు కాదు! నువ్వు కాదు!” అని అరిచాను. హ్యాంగర్‌లో నేను గొంతు పెంచడం అదే మొదటిసారి.

సత్యం బాబు వంగి చూశాడు. పూజనాడు ఓవెన్ లోపల చున్రీ, అంటే పూజకు వాడే ఎర్ర జరీ గుడ్డ, పరిచి, దాని మీద బూందీ ప్రసాదం పెట్టింది ఆయనే. పక్కన నిలబడి హారతి కళ్ళకద్దుకున్న వాళ్ళలో నేనూ ఉన్నాను.

“పాతబడిపోయి కాలిందని సెప్పీగలరా?” అన్నాడు, నాకు మాత్రమే వినపడేలా.

“చెప్పలేను. జరిగింది ఆ అమ్మాయికి మీరే చెప్పండి.”

చెప్పాడు. తలెత్తి చెప్పాడు. అందుకు ఆయనంటే నాకు గౌరవం.

గ్రేస్ కళ్ళు తుడుచుకుని, “ఔర్ బూందీ? ముఝే తో మిలీ నహీ, సర్!” అంది. ఆమె వాటా ఆమెకు అందలేదట! సత్యం బాబు కూడా నవ్వేశాడు.

కొత్త కవర్ బిగించి, లోపల గాజు గిన్నెలో నీళ్ళు పెట్టి నడిపాం. ఒక్క రవ్వ లేదు. నీళ్ళు తెర్లాయి. వాటితోనే ముగ్గురం టీ తాగాం.

అప్పటి నుంచి ఏ యంత్రం వచ్చినా, తప్పెవరిదో ముందే తేల్చేసేవాళ్ళ మాట విని ఊరుకుంటాను. వెనకవైపు కూడా విప్పి చూశాకే మాట్లాడతాను. మరుసటి ఏడు పూజకు చున్రీని ఓవెన్‌లో పెట్టలేదు, గ్యాలీ బయట కట్టారు. ముడి వేసింది గ్రేస్.