చేతులు దించని ఇనాగిన్యా తాత

మా ఇనాగిన్యా తాతకు చేతులు ముడుచుకోవడం రాదు. పొద్దువాలి మా వేట దోనెలు దీవికి తిరిగొచ్చే వేళకు రేవులో నడుంలోతు నీళ్ళలో నిలబడి, రెండు చేతులూ బార్లా చాచేవాడు. దోనెకొక చేప ఇస్తేగాని దారి వదిలేవాడు కాదు.

"తలతో సహా!" అని పైగా గద్దింపు.

"అడుక్కోవడానికి సిగ్గులేదా తాతా?" అనేవాణ్ణి.

"ఈకచుక్కనడుగు! ఒళ్ళు పగడపు సందులో దాచుకుని, ఈకల్లాంటి చేతులు మాత్రం ప్రవాహంలోకి చాస్తుంది. వేటాడదు, వెంటపడదు. ఈకలకంటిన నలుసుల్ని మెల్లగా నోటికి చేరవేసుకుంటుంది. దాన్నెవడైనా సోమరన్నాడా?"

నక్షత్రచేపకు చుట్టమైన ఆ జీవిని నీళ్ళడుగున నేనూ చూశాను. సముద్రం ఊపిరి పీలిస్తే విచ్చుకునే పసుపుపచ్చటి ఎండపొడలా ఉంటుంది. తాత మాత్రం తడిసిన కొంగలా ఉండేవాడు.

ఒకరోజు నాకు దొరికిందే ఒక్క చేప. అదీ లాక్కున్నాడు. మా దీవిలో పెళ్ళైన మగాడు అత్తారింట్లోనే ఉండి, వాళ్ళకే వేటాడాలి. అల్లుడు ఖాళీ బుట్టతో అత్తారింటికెళ్ళడం కంటే సొరచేప నోట్లోకెళ్ళడం మేలు. ఆ కోపంతో మర్నాడు ఊరి సభలో తాత మీద ఫిర్యాదు చేశాను.

ఊరిపెద్ద మా ఆనవాయితీ ప్రకారం ఊయలలో పడుకునే తీర్పు చెప్పాడు. "చేతులు దించు."

"దించను. నరికించుకో! ఈకచుక్కకు తెగిన చెయ్యి మళ్ళీ మొలుస్తుంది."

"నువ్వు ఈకచుక్కవి కాదయ్యా!"

"ప్రయత్నిస్తున్నానుగా!"

సభ గొల్లుమంది. ఊరిపెద్ద నవ్వలేదు. "అయితే రేపట్నుంచి రేవుకు రావద్దు."

అప్పుడు లేచింది మా అమ్మ. ఆమె వెనక మరో ఇద్దరు ముసలమ్మలు.

"రావద్దంటే మా ముగ్గురి పొయ్యిలూ ఆరిపోతాయి. కూతుళ్ళున్నవాళ్ళకు అల్లుళ్ళొచ్చారు. మేం కన్నది కొడుకుల్ని. అందరూ అత్తారిళ్ళకు చేపలు మోస్తున్నారు." నావైపు తిరిగింది. "నువ్వెళ్ళాక నా కొబ్బరిపాల పులుసులో చేప ఎక్కడిదనుకున్నావురా?"

తాత మొదటిసారి చేతులు ముడిచి, వాటిలో ముఖం దాచుకున్నాడు.

"ఈకచుక్క చేతుల్లో చిట్టిరొయ్యలు కాపురముంటాయి," వేళ్ళ సందుల్లోంచి గొణిగాడు. "అది చాటింపేసుకుంటుందా? నోరు మూసుకోమంటే వినరు కదా ఈ ఆడవాళ్ళు!"

ఊరిపెద్ద తన తీర్పు వెనక్కి తీసుకున్నాడు. మర్నాడు తాత చేతులు మళ్ళీ రేవంతా పరుచుకున్నాయి. అన్నిటికంటే పెద్ద చేపను శుభ్రంగా కోసి, కడిగి, వినయంగా అందించాను.

"తల ఏదిరా?"

"పారేశాను తాతా."

"మీ అమ్మ తినేదే తల. కన్నతల్లికి ఏమిష్టమో తెలియదుగానీ, పెద్ద వేటగాడు! పో, ఇంకోటి పట్టుకురా."

ఆయన చేతులు అడ్డం తీయలేదు. నేను దోనె వెనక్కి తిప్పాను.