సాంతోయ్ చూస్తే ఓటమే

దేశం తరఫున ఎవరు ఎక్కడ ఓడినా ఆ ఓటమి తన వల్లేనని చెప్పుకునే మనిషి ఫిలిప్పీన్స్‌లోని బొహోల్ దీవి మొత్తానికి ఒక్కడే ఉన్నాడు. పేరు సాంతోయ్. కొబ్బరిచెట్లెక్కి కల్లు గీస్తాడు. తన కంట పడిన ఆటగాడు గెలవడని ఆయన చెప్పేవాడు. పేటంతా ఆ మాటను ఆయన కంటే గట్టిగా నమ్మేది.

"అరవై నాలుగులో టోక్యోలో మన బాక్సర్‌కి బంగారం తప్పి వెండి ఎందుకొచ్చిందో తెలుసా? అప్పుడు నాకు ఎనిమిదేళ్ళు. రేడియో మీద చెయ్యేశాను."

"మరి తొంభై ఆరు, అట్లాంటా? అదీ వెండే కదా."

"టీవీకి అడ్డంగా నడిచాను."

"నడిస్తే చూసినట్టా?"

"ఓరకంట చూశానయ్యా. ఇప్పుడు దాచడం దేనికి?"

చెట్టెక్కితే పదిళ్ళ టీవీలు కనిపిస్తాయి గనుక ఆట ఉన్న రోజుల్లో ఆయన చెట్టెక్కడం నిషేధం. పొద్దున్నే ఇద్దరు వచ్చి అన్నం మూట, వేయించిన ఎండుచేపలు చేతిలో పెట్టి, పడవెక్కించి సముద్రంలోకి తోసేవారు. పెద్ద ఆటైతే మూటలో కోడిమాంసం కూడా ఉండేది. ఒలింపిక్స్ జరిగిన నెలల్లో సాంతోయ్ కాస్త ఒళ్ళు చేసేవాడు.

బరువులెత్తే ఆడపిల్ల ఒకతె ఒలింపిక్స్‌లో దేశానికి మొట్టమొదటి బంగారం తెచ్చిన రోజు ఆయన కొండ అవతల మేకల మధ్య ఉన్నాడు. మర్నాడు పేటకి పెద్దగా ఎన్నికైన కెప్టెన్ ఫెలిసిందా మైకు పట్టుకుని ఆ పిల్లకు, దేవుడికి, చూడకుండా ఉన్నందుకు సాంతోయ్‌కి వరుసగా కృతజ్ఞతలు చెప్పింది.

ఆ మైకు చప్పుడుకు తలదించుకున్నది లోరబెల్ ఒక్కతే. ఆమెకు ఆయన పెదనాన్న. అమ్మానాన్నలు లేని పిల్లను ఆయనే పెంచాడు. బడిలో తోటిపిల్లలు "పరుగుపందెం ఉంది, మీ పెదనాన్న కళ్ళకి గంతలు కట్టి రా" అన్నప్పటినుంచీ ఆయన పేరెత్తితే ఆమె సిగ్గుతో చచ్చిపోయేది. ఆ బంగారం చూశాకే తనూ బరువులెత్తడం మొదలుపెట్టింది. ఎంత కష్టపడిందో ఏమో, ఆగ్నేయాసియా క్రీడలదాకా వెళ్ళింది.

అక్కడ మొదటి అంకం స్నాచ్. బరువును ఒక్క ఊపులో తలపైకి లేపి నిలబెట్టాలి. మూడు అవకాశాలుంటాయి. మూడూ పోతే మనిషి రానట్టే లెక్క. కోచ్ రుఫీనో ఎనభై రెండు కిలోలతో మొదలుపెడదామన్నాడు. థాయ్‌లాండ్ పిల్ల ఎనభై ఎనిమిదితో మొదలుపెడుతోందని లోరబెల్ చెవిన పడింది.

"నాకూ ఎనభై ఎనిమిది రాయండి."

"సాధనలో దాన్ని రెండుసార్లే ఎత్తావు."

"రాయకపోతే వేదికే ఎక్కను."

ఆయన రాశాడు. ఆమె మూడుసార్లూ పడేసింది. మూడోసారి బరువు వెనక్కి, మనిషి కిందికి. ఆ చతికిలబడడాన్ని టీవీవాళ్ళు నాలుగుసార్లు చూపించారు. విమానాశ్రయందాకా నోరు విప్పని రుఫీనో అక్కడ ఒక్క మాటే అన్నాడు. "ఎందుకు పట్టుబట్టావో నాకు రాసి పంపు. అది చదివాకే మళ్ళీ శిక్షణకి రానిస్తాను."

లోరబెల్ టోపీ కళ్ళదాకా లాక్కుని ఓడ దిగింది. ఇళ్ళ వెనకనుంచి, పందుల దొడ్ల పక్కనుంచి నక్కి నక్కి వస్తుంటే కెప్టెన్ ఫెలిసిందా ఎదురుపడింది. ఆమె వెనక సగం పేట ఉంది.

"వచ్చావా తల్లీ. తలెత్తుకుని నడు. అసలు సంగతి మాకు తెలిసిపోయింది."

లోరబెల్ టోపీ ఇంకాస్త కిందికి లాక్కుంది. "ఏం తెలిసింది?"

"మీ పెదనాన్న తొంగిచూశాడు. కొట్టు నడిపే తాసింగ్ ఇంటి కిటికీలోంచి. పడవెక్కించి పంపితే మధ్యలోనే వెనక్కొచ్చాడంట. తనే ఒప్పుకున్నాడు."

"మూడూ చూశాడంట," అన్నారెవరో. "ఒకటి చూసి ఊరుకుంటే మిగతా రెండూ ఎత్తేది కదా పాపం."

"నెల రోజులు బాస్కెట్‌బాల్ కోర్టు ఊడ్చమని శిక్ష వేశాను," అంది కెప్టెన్.

లోరబెల్ టోపీ పైకి జరిపింది. ఆ ఊపులో నోరు జారింది. "నాకూ అనుమానంగానే ఉంది. మూడోసారి ఎత్తేటప్పుడు వీపు మీద ఎవరి చూపో పడ్డట్టు అనిపించింది."

పేటంతా గుండెల మీద చేతులేసుకుంది. లోరబెల్‌ని ఇంటిదాకా ఊరేగించినంత పని చేసింది.

ఇంట్లో సాంతోయ్ చేప వేయిస్తున్నాడు. "తప్పైపోయిందమ్మా. చూడకుండా ఉండలేకపోయాను," అన్నాడు నూనెకేసి చూస్తూ. ఆమె మొహం తిప్పుకుంది. చేప మాత్రం తినేసింది. మూడు రోజులు అలాగే నడిచింది. ఆయన కోర్టు ఊడుస్తుంటే దారినపోయేవాళ్ళు "కళ్ళతో ఊడవకు సాంతోయ్, సిమెంటు పగులుతుంది" అనేవాళ్ళు. వాళ్ళతోపాటు ఆమె కూడా నవ్వింది, ఒకసారి కాదు.

నాలుగో రోజు ఉప్పుకోసం తాసింగ్ కొట్టుకు వెళ్ళి, "మీ కిటికీకి తెర వేయించండి పెద్దమ్మా, ఈసారి ఎవరి కొంప మునుగుతుందో" అంది నవ్వుతూ.

తాసింగ్ నవ్వలేదు. లోపలికి రమ్మని సైగ చేసి, టీవీ మీద కప్పిన అల్లికగుడ్డ తీసింది. వెనకభాగమంతా మాడి నల్లగా ఉంది.

"తుఫాన్లో పిడుగు పడి చచ్చింది. ఆర్నెల్లైంది. చెప్పుకోడానికి నామోషీ అయి గుడ్డ కప్పాను. ఇందులో మీ పెదనాన్న ఏం చూస్తాడే?"

లోరబెల్ ఆ మాడిన చోటును వేలితో తాకి చూసింది.

"ఆయన సముద్రంమీంచి వచ్చేసరికి నీ ఆట అయిపోయింది. కోర్టు దగ్గర జనం నిన్ను తిడుతున్నారు. పొగరు, అంత బరువు దేనికి అని. ఈయన చేపలబుట్ట కింద పెట్టి, నేనే చూశానన్నాడు. తర్వాత నా దగ్గరికొచ్చి, కిటికీ సంగతి ఎవరైనా అడిగితే అవునను చెల్లీ అన్నాడు."

"అలా ఎందుకన్నాడు?"

"నా తమ్ముడికి చేసినట్టే నీకూ చేశాడు. వాడు బాక్సింగ్‌లో జిల్లా పోటీ ఓడిపోయి వారం రోజులు గడప దాటలేదు. జనం నోళ్ళు నీకు తెలీవా. అప్పుడు మొదలెట్టాడు, నేను చూడ్డంవల్లే ఓడాడని. ఎవరూ నమ్మలేదు. నమ్మించడానికి టోక్యో కూడా నాదే అన్నాడు. తర్వాత అట్లాంటా వచ్చింది. ఒక్క నా తమ్ముడికోసం దేశం ఓటములన్నీ నెత్తినేసుకున్నాడు పిచ్చిమనిషి."

ఉప్పు పొట్లం అక్కడే మరిచిపోయింది లోరబెల్. చెవులు కాలిపోతున్నాయి. చతికిలబడ్డప్పుడు కూడా అంత సిగ్గు పడలేదు. నేరుగా కోర్టుకు వెళ్ళింది. ఆయన ఊడుస్తున్నాడు. కెప్టెన్, పదిమంది ఆడవాళ్ళు మెట్లమీద కూర్చుని ఆ ఊడ్పులో వంకలు పెడుతున్నారు.

"పెదనాన్న చూడలేదు," అంది లోరబెల్. "తప్పు నాది. కోచ్ వద్దన్నా పంతంకొద్దీ ఎక్కువ బరువు రాయించుకున్నాను. వీపు మీద చూపు పడిందన్నది కూడా అబద్ధమే."

కెప్టెన్ ఫెలిసిందా చేతిరుమాలుతో కళ్ళు ఒత్తుకుంది.

"చూశారా, ఎంత మంచి పిల్లో. పెంచినవాడి పరువుకోసం తప్పు తనమీద వేసుకుంటోంది."

"నిజం చెప్తున్నాను కెప్టెన్."

"నాకు తెలుసులే తల్లీ. సాంతోయ్, ఇలాంటి పిల్లను ఓడించడానికి నీకు మనసెలా ఒప్పింది? ఇంకో పదిహేను రోజులు ఊడువు."

"అలాగే కెప్టెన్," అన్నాడు సాంతోయ్ వినయంగా. జనం వెళ్ళాక మాత్రం లోరబెల్ వైపు కోపంగా తిరిగాడు. "నలభై ఏళ్ళుగా తెచ్చుకున్న పేరు. ఒక్క నిమిషంలో పాడుచేసేదానివి కదే."

ఆమె ఆయన చేతిలోంచి చీపురు లాక్కుని మిగతా సగం ఊడ్చింది. ఊడవడం అయ్యాక మెట్టుమీద కూర్చుని ఫోను తీసింది. నాలుగు రోజులుగా కోచ్‌కి రాయబోయి చెరిపేస్తున్న ఉత్తరం అందులో ఉంది. సాంతోయ్ పక్కన చేరి, కళ్ళు చికిలించి చూశాడు.

"మీ కోచ్‌కి కూడా నేనే తొంగిచూశానని రాయరాదూ?"

"ఆయన నమ్మడు."

"నేను ఫోన్లో మాట్లాడతాను. టోక్యోనుంచి చెప్పుకొస్తే నమ్ముతాడు."

"వద్దు పెదనాన్నా. ఈ ఒక్కటీ నాకు వదిలెయ్."

సాంతోయ్ కాస్త చిన్నబుచ్చుకున్నాడు. గడ్డం గోక్కుంటూ చాలాసేపు ఆలోచించాడు.

"సరే," అన్నాడు చివరికి. "ఈ ఒక్కటే."