పద్మజ మేడమ్ కట్టిన సైటు

మొన్న షేక్‌పేట దగ్గర ట్రాఫిక్‌లో ఆగినప్పుడు పక్క ఆటోలోని రేడియోలో ఒక ప్రకటన వినిపించింది. తల్లి పాత్రలకు డబ్బింగ్ చెప్పే అన్నపూర్ణ గారి గొంతు అది. కాస్త జీర, మాట చివర చిన్న నవ్వు. ఆ గొంతు వినగానే నాకు పద్మజ మేడమ్ గుర్తొచ్చారు.

ఐటీ మంచి జోరు మీదున్న రోజుల్లో ఫిల్మ్‌నగర్‌లోని ఒక చిన్న వెబ్ కంపెనీలో చేరాను. షేక్‌పేటలో పుట్టి పెరిగిన పద్మజ మేడమ్ దాని యజమాని. ఒకరోజు డబ్బింగ్ కళాకారుల సంఘం వాళ్లు మా దగ్గరికొచ్చారు. దర్శకులు సంఘం సైటులో సభ్యుల గొంతులు విని పనికి పిలిచేవారట. దాన్ని తయారుచేసిన సంస్థ మూతపడింది. కోడ్ ఎవరికీ చిక్కలేదు. కొత్త పేరు చేర్చడానికి లేదు, మారిన ఫోన్ నంబరు దిద్దడానికీ లేదు.

"నా పాత నంబరుకే చేసి చేసి వేరే ఆవిడని పెట్టుకున్నారమ్మా. చేతిదాకా వచ్చిన సినిమా పోయింది" అన్నారు అన్నపూర్ణ గారు.

సంఘం కార్యదర్శి మూర్తి గారిది కాకినాడ. "ఈసారి చూడగానే అదిరిపోవాలండీ! తెర లేచినట్టు తెరుచుకోవాలి" అన్నారు.

"లేపుదాం సార్. రేపు మేం కూడా దుకాణం మూసేస్తే గా తెరను ఎవరు సరిచేస్తరు?" అని అడిగారు మేడమ్.

అందరికీ దొరికే ఓపెన్ సోర్స్ కోడ్‌తోనే కడతామనీ, కట్టినదంతా ఎవరైనా చదివి దిద్దుకునేలా బయటే పెడతామనీ మేడమ్ చెప్పేశారు. అలా ఇచ్చేస్తే మళ్లీ మన దగ్గరికి ఎవరొస్తారని ఆఫీసులో కొందరు గొణిగారు. "పని నచ్చితే వస్తరు. ఇరికించి తెచ్చుకునుడేంది?" అన్నారామె.

గొంతులను వెతికే భాగం నాకిచ్చారు. చాలా తెలివిగా, కొద్ది వరుసల్లో ముగించాను. మేడమ్ చూసి నవ్వారు. "మస్తుగుంది శైలజా. జర కిరణ్‌ను చదవమను. నువ్వు మాత్రం నోరు తెరవొద్దు."

నా పక్క సీటు కిరణ్ మొదట్లోనే చిక్కుకుని నా వైపు చూశాడు. నేను పెదవులు బిగించుకుని కూర్చున్నాను. "ఆయన ఆగిన కాడనే నీ పని మిగిలున్నది" అన్నారు మేడమ్. మళ్లీ రాశాను. కోడ్ పొడుగైంది, కానీ ఈసారి కిరణ్ వార్తాపత్రిక చదివినట్టు చదివేశాడు.

సైటు మొదలైంది. అన్నపూర్ణ గారికి మళ్లీ పిలుపులు వచ్చాయి. కొన్నాళ్లకు ఒక ఉదయం చూస్తే, తెలుగులో పేరు కొడితే గొంతు దొరకడం లేదన్న లోపాన్ని మాకెవరికీ తెలియని విజయవాడ అమ్మాయి ఎవరో చక్కగా సరిచేసి పంపింది. నాకు చిన్నతనంగా అనిపించింది. "మనల్ని ఒక్క మాట అడగలేదు మేడమ్!"

ఆమె ఆ మార్పును మొదటి నుంచి చివరిదాకా చదివారు. మొహం వెలిగిపోయింది. "అడిగే అవసరం రాలే. మనం చేసింది గందుకే కదా!" అని ఆఫీసంతటికీ చాయ్ తెప్పించారు.

తర్వాత మేడమ్ కంపెనీ మూసేసి కాలేజీలో పాఠాలు చెప్పడానికి వెళ్లిపోయారు. సైటు ఒక్కరోజు కూడా ఆగలేదు. ఇప్పుడు నా కింద పెద్ద బృందమే ఉంది. నువ్వు లేకపోతే ఈ పని నడవదని ఎవరైనా మెచ్చుకుంటే నాకు గర్వం కలగదు. ఆ సాయంత్రమే ఆ పని ఇంకొకరికి నేర్పడం మొదలుపెడతాను.