ఏడు జాకెట్ల పడవ

మా ఇంటికి పడవ వచ్చిన రోజు మా వీధిలో పడుగు చాపడం ఆగిపోయింది. గద్వాలలో మాది నేతవాళ్ల వీధి. పొద్దున్నే ఈ చివర నుంచి ఆ చివర దాకా నూలు దారాలు బారుగా కట్టి, గంజి పట్టించి, ఎండకు ఆరబెట్టుకుంటారు. అలాంటి వీధికి అడ్డంగా, రెండు చక్రాల బండి మీద, తెల్ల ఫైబర్ పడవ ఒకటి వచ్చి నిలబడింది. ఇరుగుపొరుగు నలుగురూ అడగడానికి వస్తే మా ఆయన గప్‌చుప్‌గా లోపలికి పోయి మగ్గం గుంతలో కూర్చున్నాడు. మాటలు పడింది నేను. పడవ బాధ్యతలు నా నెత్తిన పడటం ఆ పూటే మొదలైంది.

కొన్నది మా ఆయన, మా మరిది కలిసి. రాయచూరు దిక్కున ఎవరో వాడి వాడి విసుగుపుట్టి వదిలించుకున్న పడవ. అప్పటికి ఆరు నెలలుగా అన్నదమ్ములిద్దరూ ఫోన్‌లో వీడియోలు చూస్తున్నారు. వాటిలో ఒక తండ్రి నల్లద్దాలు పెట్టుకుని పడవ నడుపుతుంటాడు, పక్కన తల్లి నవ్వుతుంటుంది, పిల్లలు కేరింతలు కొడుతుంటారు. ఆ తల్లి ఇంటికి పోయాక అంట్లు ఎవరు తోముతారో ఏ వీడియోలోనూ చూపించరు.

"నీకు ఈత వస్తదా?" అని అడిగాను మా ఆయనను.

"ఈతకేం సంబంధం? కారు కొన్నోడు ఉరుకుడు నేర్సుకుంటడా?" అన్నాడు. "వారమంత గుంతల కూసుంటం. ఐతారమన్న ఇంటిల్లిపాది కల్సి జర సంతోషంగ ఉండొద్దా?"

ఇంటిల్లిపాది అన్నాడు కదా అని నేను కూడా ఊరుకున్నాను. అదీ నా తెలివి.

పడవకు పూజ చేశారు. బండికి ఉన్నవి రెండు చక్రాలే అయినా అలవాటు కొద్దీ నాలుగు నిమ్మకాయలు తెచ్చారు. మిగిలిన రెంటినీ పారేయడానికి మనసొప్పక పడవలో సీటు కింద పెట్టారు. అవి అక్కడే కుళ్లి కంపు కొడితే కడిగింది ఎవరో చెప్పక్కర్లేదు. మా మరిది కొబ్బరికాయను రాయి మీద కొట్టకుండా నేరుగా పడవ ముక్కు మీదే కొట్టాడు. రూపాయి బిళ్లంత రంగు పెచ్చు ఊడింది. ఇద్దరూ కాసేపు దాన్ని తడిమి చూసి, పైన దేవుడి స్టిక్కరు అంటించి చేతులు దులుపుకున్నారు.

నిజం చెప్పాలంటే పడవ మీద నాకు ఎంత చిరాకో అంత ఆశ. నేను తిమ్మాజిపేటలో పుట్టిన దాన్ని. మాకు నీళ్లంటే బోరు నీళ్లే, అవీ కరెంటు ఉన్నప్పుడే. పెళ్లయి గద్వాలకు వస్తూ బస్సు కిటికీలోంచి కృష్ణా నదిని చూసినప్పుడు కళ్లు తిప్పుకోలేకపోయాను. పదిహేనేళ్లుగా ఆ నీళ్లను వంతెన మీద నుంచి, గడ్డ మీద నుంచి చూడటమే. నాకు కావలసింది ఒక్కటే. ఒక్కసారి నడి నీళ్లలోకి పోయి, చుట్టూ నీళ్లు తప్ప ఏమీ లేకుండా కాసేపు కూర్చోవాలి. ఈ మాట మా ఆయనకు రెండుసార్లు చెప్పాను కూడా.

మొదటి ఆదివారం జూరాల డ్యాం వెనక నీళ్ల దగ్గరికి పోయాం. చేపలు పట్టేవాళ్లు తమ గుండ్రటి పుట్టి పడవలు బోర్లించే చోట పడవను దించారు. మా అత్త, తోడికోడలు, ఆమె పిల్లలిద్దరు, నా కూతురు, అన్నదమ్ములు అందరూ ఎక్కారు. నేను కాలు పెట్టబోతుంటే మా అత్త, "సామానెవరు జూస్తరే? గీడ కుక్కలున్నయ్" అంది. సరే, రెండో తిప్పలో పోదామని ఆగాను. రెండో తిప్ప వేళకు పొయ్యి మీద కూర ఉంది. మూడో తిప్ప వేళకు అందరికీ ఆకలి.

అట్లా ఏడాది గడిచింది. నీళ్లు ఉన్న ప్రతి ఆదివారం అదే తంతు. మూడు రాళ్ల పొయ్యి, మటన్ కూర, జొన్న రొట్టెలు, నేను. వాళ్లు తిరిగివచ్చి చాపల మీద కూలబడితే, "అబ్బ, నడిమిట్ల ఎంత సల్లగున్నదక్కా!" అని నాకే చెప్పేది మా తోడికోడలు. నేను పొగకు కళ్లు తుడుచుకుంటూ అవునా అనేదాన్ని. సాయంత్రం పడవను ఇంటికి తెచ్చాక అడుగున పట్టిన పాచి పీచుతో రుద్దాలి. మా ఆయనేమో తమ్ముడు చేస్తాడనుకుంటాడు, తమ్ముడు అన్న చేస్తాడనుకుంటాడు. ఉమ్మడి గొడ్డు పుచ్చి చచ్చిందని ఊరికే అనలేదు. మా గొడ్డు చావకుండా నేను కాపాడుతూ వచ్చాను. సొమ్మొకడిది సోకొకడిది అంటారు గానీ, మా ఇంట్లో సొమ్మూ వాళ్లదే, సోకూ వాళ్లదే, తోముడు మాత్రం నాది.

ఒకరోజు పుట్టిలో పోతున్న ముసలాయన ఒకరు మా వాళ్ల వాలకం చూసి ఆగాడు. "ఏంది నాయనా, పిల్లలను ఏస్కొని గిట్ల ఉత్తగనే పోతరా? ఈడ లోతు మీకు తెల్వదు. నీళ్లల్ల తేలే జాకెట్లన్న తొడుక్కోరాదుండ్రి" అన్నాడు. చిన్నప్పటి నుంచి నీళ్ల మీదే బతికిన మనిషి చెప్పేసరికి మా ఆయనకు భయం పుట్టింది. భయం పుడితే ఆయన వెంటనే చట్టం చేస్తాడు. "ఇగ నుంచి జాకెట్ లేంది ఎవ్వరు పడవ ఎక్కొద్దు. నేనైనా సరే, అమ్మైనా సరే" అని ఇంట్లో ప్రకటించాడు.

హైదరాబాదు నుంచి పార్సిల్ వచ్చింది. నారింజ రంగు లైఫ్ జాకెట్లు, ఒక్కోటి పాలిథిన్ కవర్లో. వాటి కవర్లు తీయనిస్తేనా? చీర మడత నలగకుండా అమ్మేదాకా కాపాడే వంశం మాది. మాసిపోతాయని కవర్లతోనే తొడగాలన్నారు. మెడ, చేతులు దూరడానికి, బెల్టు బయటికి రావడానికి కత్తెరతో కోశాడు మా మరిది. ఆదివారం గడ్డ మీద మా అత్త అది తొడుక్కుని నడుస్తుంటే కరకరమని చప్పుడు. నవ్వు ఆపుకోలేక పక్కకు తిరిగి పిండి కలుపుతూ, అలవాటుగా జాకెట్లు లెక్కపెట్టాను. అత్తకు ఒకటి, మరిదికి, తోడికోడలికి, వాళ్ల పిల్లలిద్దరికి, నా కూతురికి, మా ఆయనకు. మళ్లీ లెక్కపెట్టాను. ఏడే.

"నాదేది?" అన్నాను.

మా ఆయన జాకెట్ బెల్టు సరిచేసుకుంటూ, "నీకెందుకు? నువ్వు గడ్డ మీదనే ఉంటవ్ గద" అన్నాడు. కోపంగా అనలేదు, ఎగతాళిగా అనలేదు. సూర్యుడు తూర్పున పొడుస్తాడన్నట్టు అన్నాడు. వేల పోగుల పడుగులో ఒక్క పోగు తెగితే చీకట్లో కూడా వేలితో కనిపెట్టే మనిషి. ఎనిమిది మంది ఉన్న ఇంట్లో పెళ్లాం ఒకతి తక్కువైందని కనిపెట్టలేకపోయాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. లేచి, పిండి చేతులతోనే ఆయన బెల్టు విప్పాను. కవరు నిండా జొన్నపిండి అంటింది. ఆయన నోరు తెరిచి చూస్తుండగానే జాకెట్ నేను తొడుక్కున్నాను.

"ఇయ్యాల నువ్వుండు. కూర ఉడుకుతున్నది, అడుగంటకుండ జూస్కో. రొట్టెలు గూడ కొట్టు."

"మొగోడు పొయ్యికాడ కూసుంటడానే?" అంది మా అత్త.

"జాకెట్ లేంది ఎవ్వరు ఎక్కొద్దని నీ కొడుకే అన్నడత్తా" అన్నాను.

మా మరిది ఫక్కున నవ్వి, అన్న మొహం చూసి ఆపుకున్నాడు. నా కూతురు పడవలోంచి చెయ్యి అందించింది. ఎక్కి కూర్చున్నాను.

నడి నీళ్లలో మరిది మోటారు ఆపాడు. ఆ నిశ్శబ్దాన్ని నేను ఇంతకు ముందు ఎక్కడా వినలేదు. చెయ్యి ముంచితే వేళ్ల మధ్య నుంచి పిండి కరిగి పోయింది. నాకు ఏడుపొచ్చింది. వాళ్లేమైనా అనుకోనీ అని ఏడ్చాను, ఎందుకంటే అది సంతోషమే. తర్వాత వెనక్కి తిరిగి గడ్డ వైపు చూశాను. సన్నటి పొగ కనపడింది. పొయ్యి దగ్గర మనిషి మాత్రం కనపడలేదు. ఏడాది పాటు వీళ్లకు నేను ఇంతే కనపడ్డానన్నమాట అనుకున్నాను. కనపడనంత మాత్రాన లెక్కలోంచి తీసేస్తారా అని మళ్లీ కోపం వచ్చింది.

తిరిగి వచ్చేసరికి కూర అడుగంటింది. రొట్టెలు నాలుగు, ఒక్కటీ గుండ్రంగా లేదు. మా ఆయన చూపుడు వేలు కాల్చుకుని, దాన్ని అందరికీ కనపడేలా పైకెత్తి పట్టుకుని కూర్చున్నాడు. మా అత్త జాకెట్ కూడా విప్పకుండా కరకరమంటూ పరిగెత్తి ఆ వేలు ఊదింది. తోడికోడలు నీళ్లు తెచ్చి, "బావా, జర ముంచుండ్రి" అంది. "అన్న శాన పరేషాన్ అయిండు" అన్నాడు మరిది. మాడిన కూరను అందరూ బాగుందన్నారు. రెండోసారి వేయించుకున్నారు కూడా.

తినేటప్పుడు మా అత్త నా వైపు తిరిగింది.

"ఇగ ముందల వాణ్ణి గిట్ల ఒక్కణ్ణి ఇడ్సిపెట్టి పోవద్దే. గడ్డ మీద ఒక్కడే కూసుంటె పానం ఎట్లుంటది చెప్పు?"

అందరూ అవునన్నారు. నా కూతురొక్కతే తినడం ఆపి నా మొహం చూసింది.