పిండికి తొడిగిన మంకీ క్యాప్

ఆ రోజుల్లో కలకత్తాకి చలి వచ్చిందో లేదో తెలుసుకోవడానికి రేడియో వినక్కర్లేదు, మగవాళ్ల తలలు చూస్తే చాలు. కాళీపూజ టపాకాయల పొగ ఆరీ ఆరకముందే ట్రాముల్లో, చేపల బజారులో, పార్టీ ఆఫీసు అరుగుల మీద ఎక్కడ చూసినా కళ్లూ ముక్కూ మాత్రం బయటపెట్టిన ఉన్ని టోపీలే. హౌరా వైపు మా టికియాపారా రైల్వే క్వార్టర్లలో శ్రీకాకుళం నుంచి వచ్చిన తెలుగువాళ్లు మొదట్లో ఆ మంకీ క్యాపుల్ని చూసి నవ్వుకున్నారట, తర్వాత ఒక్కొక్కరే చడీచప్పుడు లేకుండా కొనుక్కున్నారట. మా నాన్నది ముదురు గోధుమరంగుది. రైలుపెట్టెలు బాగుచేసే షెడ్డులో ఆయనకి రాత్రి డ్యూటీ పడిందంటే అదే రక్ష. మిగతా వేళల్లో వంటింటి గుమ్మం పక్కన మేకుకి వేలాడుతూ ఉండేది. నా బతుకు ఏ దారి పట్టాలో తేల్చింది ఆ టోపీయే అంటే మీరు నమ్మరు. నమ్మకపోతే పోనీండి, వినేసి నవ్వుకోండి.

నేనప్పుడు పదో తరగతి. ఆ శీతాకాలం మా స్కూల్లో ఆదివారం పొద్దుటిపూట ఓ కొత్త తంతు మొదలైంది. ఒక ఇంజినీరింగ్ కాలేజీ కుర్రాళ్లు సైన్సు క్లబ్బు పేరు చెప్పి వచ్చి, మా చేత వస్తువులు చేయించేవారు. దానికి ‘హాతే కొలొమే’ అని పేరు పెట్టారు. అంటే పుస్తకం చదివి ఊరుకోకుండా చేతులారా చేసి నేర్చుకోవడమన్నమాట. వాళ్ల నాయకుడు సోడాబుడ్డి కళ్లద్దాల దాదా ఒకాయన, మేమంతా చశ్మా-దా అనేవాళ్లం (వెనకాల కాదు, ముందే అనేవాళ్లం, ఆయన పలికేవాడు కూడా). అట్టముక్కలతో పెరిస్కోపు చేశాం. చీపురుపుల్లలతో వంతెన కట్టాం. నా వంతెన మీద ఇటుక పెట్టగానే వంతెనా నా పరువూ కలిసి కూలాయి. అయినా నాకు ఆదివారం కోసం ప్రాణం కొట్టుకునేది. ఎందుకంటే ఒకరోజు చశ్మా-దా, ట్రాములో నిలబడ్డవాళ్లు పట్టుకునే పట్టీ ఎంత పొడవుండాలో ఎవరో ఒకరు కూర్చుని ఆలోచించి ఉంటారనీ, అలా ఆలోచించడం కూడా ఒక ఉద్యోగమేననీ చెప్పాడు. కూర్చుని ఆలోచిస్తే జీతమా! మా ఇంట్లో నేను కూర్చుని ఆలోచిస్తే చీవాట్లు తప్ప ఏమీ దొరికేవి కావు.

చివరి ఆదివారానికి ప్రతివాళ్లూ తమ ఇంట్లో ఇబ్బంది పెట్టే సంగతి ఒకటి పట్టుకుని, దానికి విరుగుడుగా ఏదైనా తయారుచేసి తేవాలన్నారు. కాలేజీ నుంచి పెద్దవాళ్లొచ్చి చూసి, కొందరిని ఏరి, వేసవి సెలవుల్లో తమ వర్క్‌షాపుకి పిలుస్తారట. అక్కడ లేతు మిషన్లుంటాయట, గీతలు గీసుకోవడానికి ఏటవాలు బల్లలుంటాయట. ఈ వార్త ఇంట్లో చెప్పాను. మా క్వార్టర్లలో పది పాసైన ఆడపిల్లంటే టైపు ఇన్‌స్టిట్యూట్‌కే. అందరూ అదే దారి పట్టారు, నా సీటు కూడా అక్కడ నన్ను అడక్కుండానే ఖాయమైపోయింది. నాన్న బీడీ ఆర్పి, కాసేపు ఆలోచించి (జీతం లేకుండానే) తీర్పు చెప్పాడు.

“ఆల్లు నిన్ను ఏరినారంటే పదకొండులో సైన్సు. ఏరలేదా, మారు మాటాడకుండా టైపుకెల్లాల. తెలిసినాదా?”

తెలిసింది. తెలిసిన మరుక్షణం నుంచి నాకు అన్నం సయించలేదు. ఇబ్బంది పెట్టే సంగతి కోసం ఇల్లంతా గాలించాను. అది వంటింట్లోనే దొరికింది. కలకత్తా చలిలో ఇడ్లీ పిండి పొంగదు. మా ఊళ్లో అయితే రాత్రి రుబ్బి పెడితే తెల్లారేసరికి మూత ఎత్తుకుని లేచి కూర్చుంటుందని అమ్మ చెప్పేది. ఇక్కడ పుష్యమాసంలో రుబ్బిన పిండి రెండో రోజుకి కూడా సున్నంలా పడుండేది. అమ్మ దాన్ని చిన్నపిల్లని సాకినట్టు సాకేది. పొయ్యి పక్కన పెట్టేది, పాత చీరల్లో చుట్టేది, బియ్యం డబ్బా లోపల దాచేది. ఆదివారం ఇడ్లీలు గట్టిగా వచ్చాయంటే ఆ రోజు ఆవిడ ఎవరితోనూ మాట్లాడదు.

ఇంకేం, నాకు దారి దొరికింది. టీ ఆకులొచ్చే చెక్కపెట్టె ఒకటి సంపాదించి, లోపల బల్బు బిగించి, పగిలిన ఫోటో ఫ్రేము అద్దంతో కిటికీ పెట్టాను. బల్బు వేడికి పిండి పొంగాలి, అద్దంలోంచి మనం చూడాలి. చశ్మా-దాకి చూపిస్తే కళ్లద్దాలు తీసి తుడుచుకుని మరీ చూశాడు. బాగుంది కానీ, పిండి పెట్టె వల్లే పొంగిందని ఎలా రుజువు చేస్తావన్నాడు. అదే పిండి మరో గిన్నెలో పోసి పెట్టె బయట, చలిలో ఉంచాలట. బయటది పొంగకూడదు, లోపలిది పొంగాలి. రెండు గిన్నెలూ పక్కపక్కన పెట్టి అందరి ముందూ మూత తీస్తే ఇంక ఎవరూ నోరెత్తలేరు. అప్పటిదాకా రెంటినీ గుడ్డ కట్టి ఉంచాలి, విప్పి చూడకూడదు. నాకు ఆ మాట ఎంత నచ్చిందంటే దారి పొడుగునా ‘పెట్టె గిన్నె, చలి గిన్నె’ అని వల్లించుకుంటూ ఇంటికొచ్చాను.

అమ్మకి ఆ రెండో గిన్నె సంగతి మాత్రం ఎంత చెప్పినా మింగుడు పడలేదు. పిండి రుబ్బి ఇచ్చింది, పెట్టెకి ముగ్గు కూడా వేస్తానంది (నేనే వద్దన్నాను). కానీ సగం పిండి తీసి వరండాలో చలికి వదిలేస్తుంటే ఆవిడ మొహం చూడాలి.

“పొంగకుండా ఉండాలని పిండెట్టుకుంటారేటే ఎవులైనా? ఇదేటి సదువే?”

ఇది పరీక్ష అమ్మా, ఇది ఓడిపోతేనే అది గెలిచినట్టు అని చెప్పాను. ఆవిడ ఇంకేమీ అనలేదు. అనలేదు కదా అని నేను నిశ్చింతగా పడుకున్నాను. మా అమ్మ ఏమీ అనలేదంటే నిశ్చింతగా ఉండకూడదన్న జ్ఞానం నాకు పెళ్లయి పిల్లలు పుట్టాక గానీ రాలేదు.

పొద్దున్న లేచేసరికి పెట్టెలో బల్బు దివ్యంగా వెలుగుతోంది. అద్దం మీద ఆవిరి పట్టి లోపల ఏమీ కనబడలేదు. చలి గిన్నె వరండాలో పెట్టినచోటే ఉంది. రాత్రి దానికి నేను కట్టింది పువ్వుల గుడ్డ, ఇప్పుడున్నది గళ్ల గుడ్డ. అది చూశాను. చూసి కూడా ఏమీ తోచలేదంటే ఆనాటి నా శాస్త్ర పరిశీలన ఏపాటిదో మీరే ఊహించుకోండి. ఇంతలో రాత్రి డ్యూటీ దిగి నాన్న తుమ్ముతూ వచ్చాడు. తలకి తువ్వాలు చుట్టుకుని ఉన్నాడు. డ్యూటీకి వెళ్లేటప్పుడు ఇల్లంతా వెతికినా టోపీ కనబడలేదట. అమ్మ పొయ్యి వైపు తిరిగి, మేకుకే ఉంది కదా, సరిగ్గా చూసుకోవాలి మరి అంది. నిజంగానే మేకుకే ఉంది. నాన్న కళ్లు నులుముకుని, దాన్ని తగిలించుకుని, ఏదో పుల్లటి కంపు కొడుతోందేమిటన్నాడు. మీ చెమటేనని అమ్మ తేల్చేసింది.

ముగ్గురం సైకిల్ రిక్షాలో పెట్టెతో సహా స్కూలుకి చేరాం. హాలు నిండా పిల్లలు, వాళ్ల తల్లిదండ్రులు. ఏరడానికొచ్చిన పెద్దవాళ్లలో నూలు చీర కట్టుకుని, చేతికి మగవాళ్ల గడియారం పెట్టుకున్న ఒకావిడ ఉంది. ఆవిడ ఇంజినీరని చశ్మా-దా చెవిలో చెప్పాడు. ఆడ ఇంజినీరుని చూడటం నాకదే మొదలు. ఆవిణ్ణి చూడగానే వల్లించిన వరసంతా తలకిందులైంది. ఎలాగోలా చెప్పుకొచ్చాను, పెట్టె గిన్నె పొంగుతుంది, చలి గిన్నె పొంగదు అని. బెంగాలీలో, ఇంగ్లీషులో, ఎందుకైనా మంచిదని హిందీలో కూడా చెప్పాను. ఆవిడ నవ్వి, విప్పమంది.

పెట్టె గిన్నె విప్పాను. పిండి ఎక్కడ పోసింది అక్కడే ఉంది. చల్లగా, బల్లపరుపుగా, నన్నెరగనట్టు ఉంది. చలి గిన్నె విప్పాను. అంచుదాకా పొంగి, బుడగలు కట్టి ఉంది. అలాంటి పిండి మా ఇంట్లో ఆ చలికాలమంతా పుట్టలేదు. హాల్లో ముందు గుసగుసలు, తర్వాత నవ్వులు. చశ్మా-దా కళ్లద్దాలు తీసి తుడుచుకుని, పెట్టుకుని, మళ్లీ తీశాడు. నా చెవుల్లో టైపు మిషన్లు టకటకలాడటం మొదలైంది. ఇంజినీరు దిది మాత్రం నవ్వకుండా వంగి రెండు గిన్నెలూ చూసి, పెట్టె ఎందుకు చల్లగా ఉందంది. జవాబు వెనక వరసలోంచి నాన్న చెప్పాడు. రాత్రి లోడ్ షెడ్డింగట, షెడ్డు నుంచి చూస్తే క్వార్టర్లన్నీ చీకటేనట, కరెంటు తెల్లవారుజామున గానీ రాలేదట. సరే, అది ఓడిపోవడానికి కారణం దొరికింది. మరి ఇది ఎలా గెలిచింది అని ఆవిడ అడిగిందో లేదో, నాన్న గట్టిగా తుమ్మాడు.

హాలంతా అటు తిరిగింది. నేనూ తిరిగాను. మంకీ క్యాపు అంచు చుట్టూ, నుదుటికి సరిగ్గా పైన, ఎండిపోయిన తెల్లటి పట్టీ. పొద్దుణ్ణుంచీ సున్నం అనుకుంటున్నాను. అది సున్నం కాదు. నాన్న పక్కన అమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని నేల చూస్తోంది. ఇంజినీరు దిది గిన్నెని చూసింది, టోపీని చూసింది, అమ్మని చూసింది. అమ్మే లేచి నిలబడి, సగం బెంగాలీ సగం శ్రీకాకుళంలో చెప్పేసింది.

“ఆ గిన్నె ఓడిపోవాలని గుంట సెప్పింది దీదీ. కానీ ఇంతమందిలో పిండి పొంగనేదంటే దీని అమ్మకి పిండెట్టడం రాదనరా? నాకెంత నామర్దా? అందుకే టోపీ తొడిగీసి, నా దుప్పట్లో ఎట్టీసినాను.”

ఆ నవ్వులకి హాలు పైకప్పు లేచిపోతుందనుకున్నాను. నాన్న టోపీ తీసి, చూసి, మళ్లీ పెట్టుకున్నాడు (చలి కదా మరి). నాకు మాత్రం ఏడుపు ముంచుకొచ్చింది. అమ్మ మీద కోపం, కరెంటు మీద కోపం, ముఖ్యంగా ఆ టోపీ మీద పట్టరాని కోపం. అంతలో ఇంజినీరు దిది నా దగ్గరికొచ్చి, మళ్లీ చేయమంటే ఏం మారుస్తావని మెల్లిగా అడిగింది. నేను ఉక్రోషం పట్టలేక, ముక్కు తుడుచుకుంటూ అన్నాను.

“ఈసారి పెట్టెకి కూడా టోపీ పెడతాను.”

దేవుడి మీద ఒట్టు, అది అలిగి అన్న మాటే. వేడి పోకుండా చుట్టూ ఉన్ని కప్పితే కరెంటు పోయినా పెట్టె వెచ్చగా ఉంటుందన్న ఆలోచన నా బుర్రలో ఆవగింజంతైనా లేదు. కానీ ఆవిడ తల పంకించి, చశ్మా-దా వైపు తిరిగి, విన్నావా అంది. ఆయన నా వైపు ఎంత గర్వంగా చూశాడంటే, నిజం చెప్పి ఆయన సంతోషం పాడుచేయబుద్ధి కాలేదు. వేసవికి ఏరినవాళ్ల పేర్లు చదివినప్పుడు ఆనాడు తన చీపురుపుల్లల వంతెన మీద ఇటుక నిలబెట్టిన అబ్బాయి పేరు ముందొచ్చింది, నాది చివర్న వచ్చింది. చివర్నైతేనేం, వచ్చింది.

తిరుగు రిక్షాలో మళ్లీ ముగ్గురం, మధ్యలో పెట్టె. అమ్మ నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. కాసేపటికి, కోపమొచ్చిందా అంది. వచ్చిందని చెప్పాను. పోయిందని కూడా చెప్పాను, ఎందుకంటే ఆ మాట చెబుతుండగానే పోయింది. నాన్న మాత్రం పెట్టెని అటూ ఇటూ తిప్పి చూస్తూ, సైన్సు సంగతి ఎత్తుతాడేమోనని నేను ఎదురుచూస్తుంటే, షెడ్డులో రైలు సీట్ల కింద వేసే కొబ్బరిపీచు దీని చుట్టూ కూరితే ఎలా ఉంటుందని అడిగాడు. టైపు మాట ఆయన నోట మళ్లీ ఎప్పుడూ రాలేదు. ఆ పూట మా ఇంట్లో రెండు రకాల ఇడ్లీలు. చలి గిన్నెవి దూదిపింజల్లా ఉన్నాయి. పెట్టె గిన్నెవి నాన్న ఒక్కడే తిన్నాడు, ఒక్కటీ వదలకుండా.

ఇప్పుడు నేను న్యూ టౌన్‌లో ఒక కంపెనీలో వంటింటి యంత్రాలకి రూపం దిద్దే పని చేస్తున్నాను. కూర్చుని ఆలోచిస్తే జీతమిస్తున్నారు, చశ్మా-దా అబద్ధం చెప్పలేదు. అప్పుడప్పుడు ఆదివారాలు బడిపిల్లలకి నేనూ చేతిపనులు నేర్పుతుంటాను. పోల్చి చూడ్డానికి రెండో గిన్నె పెట్టమని చెప్పినప్పుడల్లా, దాన్ని అమ్మలకి అందకుండా పెట్టమని కూడా చెబుతాను. పిల్లలు జోకనుకుని నవ్వుతారు. ఇంట్లో పిండి పులియబెట్టే యంత్రం ఉంది, నేను గీసిందే. కరెంటు కూడా మునుపట్లా పోదు. అయినా పుష్యమాసం వచ్చేసరికి నా చేతులు ఊరుకోవు. గిన్నె మీద ఆ పాత గోధుమరంగు టోపీ తొడిగి, చెవుల దాకా లాగి, ఒకసారి నిమిరి గానీ పడుకోను. నాన్నకి కొత్త టోపీలు ఎన్ని కొనిచ్చినా ఆయనకి అవి ఆనవు. చలి మొదలవగానే మా దగ్గరికొచ్చి, వంటింటి గుమ్మంలో నిలబడి, ఏటా ఒకటే అడుగుతాడు.

“ఈ యేడు టోపీ నాకా, పిండికా?”